ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండేళ్ల కిందట విడిభాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేయించాం. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ (8 జీబీవి రెండు), ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తోపాటే వచ్చింది, దాని మీద 500 వాట్లు అని ఉంది. 600 వీఏ యూపీఎస్‌కి కలిపాం. మార్చి నుంచి ఏదైనా పెద్ద గేమ్ పెట్టిన 15, 20 నిమిషాలకు స్క్రీన్ నల్లబడి, దానంతట అదే మళ్లీ ఆన్ అవుతోంది. వాలరెంట్ ఆడితే ఏమీ కాదు. జీటీఏ 5 లాంటివి పెడితే ఖాయంగా ఆగిపోతుంది. యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు రోజంతా నడుస్తాయి. విండోస్ రెండుసార్లు కొత్తగా వేయించాం. గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు షాపతను. మార్చేయమంటారా? — ఒక తండ్రి

సమాధానం: ఇప్పుడే మార్చకండి. గ్రాఫిక్స్ కార్డును అనుమానించకూడదని కాదు, కానీ అది వరుసలో నాలుగోదో ఐదోదో. దానికన్నా ముందు నిలదీయాల్సినవి రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి క్యాబినెట్‌తోపాటే వచ్చిన ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా. రెండోది 600 వీఏ యూపీఎస్. ఇక విండోస్ మళ్లీ వేయించడమంటారా, అది మన దగ్గర కంప్యూటర్‌కి జ్వరమొచ్చినా జలుబొచ్చినా ఇచ్చే ఒకే ఒక్క మాత్ర. బరువైన గేమ్ పెట్టినప్పుడే ఆగిపోయి, బ్లూ స్క్రీన్ కూడా చూపించకుండా రీస్టార్ట్ అయ్యే జబ్బు విండోస్‌ది కావడం అరుదు. విండోస్‌కి తప్పు తెలిస్తే నీలం తెర మీద ఏదో ఒక కోడ్ రాసిపెట్టి ఆగుతుంది. ఇక్కడ దానికి ఆ పాటి వ్యవధి కూడా దొరకడం లేదు.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. యూట్యూబ్ చూస్తున్నప్పుడు మీ కంప్యూటర్ మొత్తం కలిపి 60, 70 వాట్లకు మించి తీసుకోదు. జీటీఏ 5 పెట్టగానే ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది. మీ ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకోగలదు, గేముల్లో 65 అటూ ఇటూ ఉంటుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో 45. మొత్తం 280 వాట్లు. ఇది ఎస్ఎంపీఎస్ లోపలికి ఇచ్చేది. గోడలోంచి అది తీసుకునేది ఇంతకంటే ఎక్కువ, ఎందుకంటే మామూలు ఎస్ఎంపీఎస్‌లో దాదాపు ఐదో వంతు వేడిగా పోతుంది. 280ని 0.82తో భాగిస్తే 341. మానిటర్ కూడా యూపీఎస్ మీదే ఉంటే ఇంకో 25 కలపండి, 366. ఇప్పుడు మీ యూపీఎస్ వెనక స్టిక్కర్ చూడండి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఈ తరగతి యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లకే. అంటే గేమ్ నడిచినంతసేపూ మీ యూపీఎస్ సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. తెర మీద ఒక పేలుడో, పెద్ద ఊరి దృశ్యమో వస్తే గీత దాటుతుంది. వాలరెంట్‌లో కార్డు తన బలమంతా వాడనక్కర్లేదు కాబట్టే అది హాయిగా నడుస్తోంది. పావుగంట ఎందుకు పడుతోందంటే, చాలా యూపీఎస్‌లు ఓవర్‌లోడ్ కాగానే కట్ చేయవు. కొంత సమయమిచ్చి, బీప్ కొట్టి, అప్పుడు కట్ చేస్తాయి.

అందుకని మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఒక సాయంత్రం యూపీఎస్‌ని పూర్తిగా పక్కనపెట్టి, సీపీయూ కేబుల్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వద్దు. సాకెట్‌లో ప్లగ్ వదులుగా ఊగుతుంటే, గంటసేపు వాడాక ప్లగ్ వేడెక్కుతుంటే ఇంకో సాకెట్ చూడండి. ఆ రోజు కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది కాబట్టి అబ్బాయి ప్రాజెక్టు పనుల్లాంటివేవీ తెరిచిపెట్టొద్దు. అదే గేమ్, అవే సెట్టింగులు, ఒక గంట. ఆగకుండా నడిస్తే మీ సమస్య తొంభై పాళ్లు తేలిపోయినట్టే.

ఆగిపోతే, అది ఎలా ఆగిందో గమనించమని అబ్బాయికి చెప్పండి. షాపువాళ్లు అడగని ప్రశ్న ఇదే, అసలు సమాచారం ఉన్నదీ ఇక్కడే. ఇప్పుడున్నట్టు యూపీఎస్ మీద నడుస్తున్నప్పుడు మానిటర్ లైటు కూడా ఆరిపోయిందా? ఆరితే దోషం యూపీఎస్‌ది. మానిటర్ లైటు వెలుగుతూ, ‘నో సిగ్నల్’ అని చూపిస్తూ, క్యాబినెట్ మాత్రం టక్కున ఆగి మళ్లీ లేచిందా? ఎస్ఎంపీఎస్ మీద అనుమానం. క్యాబినెట్ ఆరిపోయి, తిరిగి లేవకుండా అలాగే ఉండిపోయిందా? ప్రాసెసర్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆపేసి ఉండొచ్చు, లేదా ఎస్ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ పట్టేసి ఉండొచ్చు. వెనక స్విచ్ ఆపి అర నిమిషం ఆగి వేస్తేనే లేచిందంటే రెండోదే. తెర నల్లబడి, గేమ్ శబ్దం ఇంకా వినిపిస్తూ, కార్డు ఫ్యాన్లు విమానంలా మోగుతున్నాయా? అప్పుడు మాత్రం గ్రాఫిక్స్ కార్డు గురించి మాట్లాడుకోవాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే అది డ్రైవరో, గేమ్ ఫైళ్లో, ర్యామో. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రెండింటిలో ఒకటి.

విండోస్ తన వంతు సాక్ష్యం కూడా రాసిపెడుతుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కండి. కంప్యూటర్ ఆగిపోయిన నిమిషం దగ్గర ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. ఇది చూసి చాలామంది ‘పవర్ అని రాసుంది, అయితే ఎస్ఎంపీఎస్ పోయింది’ అనుకుంటారు. 41 చెప్పేది ఒక్కటే: కిందటిసారి పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదు. కారణం చెప్పదు. అయితే దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ 0 ఉంటే విండోస్‌కి ఏమీ తెలియకుండానే కరెంటు పోయిందనో, రీసెట్ అయిందనో అర్థం. 278 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసింది. 292 ఉంటే ప్రాసెసరో మదర్‌బోర్డో హార్డ్‌వేర్ తప్పు చెప్పింది. 26 ఉంటే ర్యామ్ వైపు చూడాలి. దాని పక్కనే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో (హార్డ్‌వేర్ తప్పులు విండోస్ రాసేది ఈ పేరుతోనే) ఎర్రర్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఇంకో పని: సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగులు తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ముందున్న టిక్కు తీసేయండి. ఒకవేళ బ్లూ స్క్రీన్ వచ్చి కన్నుమూసి తెరిచేలోపు పోతుంటే, ఇప్పుడది నిలబడి కనిపిస్తుంది.

గోడ సాకెట్ మీద కూడా ఆగిపోయిందనుకుందాం. ఇప్పుడు ఎస్ఎంపీఎస్ వంతు. మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్క తలుపు తెరవండి. ఎస్ఎంపీఎస్ డబ్బాకు ఒక వైపు లేబుల్ ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న 500ని పట్టించుకోకండి. కింద గళ్లలో +12వీ అని ఉన్నచోట ఎన్ని ఆంపియర్లో చూడండి. మీ ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది ఈ 12 వోల్టుల మీదే. ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు వాట్లు తెలుస్తాయి. క్యాబినెట్లతో వచ్చే వాటిలో ఇక్కడ 16 అనో 18 అనో ఉండటం మామూలే. 18 అయినా 216 వాట్లు. మీ గేమ్‌కి 12 వోల్టుల మీదే సుమారు 260 వాట్లు, అంటే దాదాపు 22 ఆంపియర్లు కావాలి. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల గళ్లలో కలిపి 500 అని లెక్క చూపిస్తారు, వాటితో మీకు పెద్దగా పనిలేదు. అదే నిఖార్సయిన 550 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద 12 వోల్టుల దగ్గర 43, 45 ఆంపియర్లు కనిపిస్తాయి. ఈ కార్డుకి కంపెనీ సిఫార్సు చేసింది కూడా 550 వాట్లే.

సగటు లెక్క సరిపోయినా కొన్ని ఎస్ఎంపీఎస్‌లు పడిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు కరెంటును కుళాయి నీళ్లలా ఒకే ధారగా తీసుకోదు. సెకనులో వెయ్యో వంతు సేపు తన సగటు కంటే బాగా ఎక్కువ గుంజి, మళ్లీ తగ్గుతుంది. ఆ కుదుపుకి 12 వోల్టులు 11.4 కన్నా కిందికి జారితే ప్రమాణం తప్పినట్టే. అప్పుడు ‘పవర్ గుడ్’ అని ఎస్ఎంపీఎస్ ఇచ్చే సంకేతం పోతుంది, మదర్‌బోర్డు రీసెట్ కొడుతుంది. మీరు చూస్తున్న రీస్టార్ట్ అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ కుదుపులు ఇంత సమస్య అయ్యాయి కాబట్టే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్ఎంపీఎస్ తన స్థాయికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాసింది.

మార్చి నుంచే ఎందుకు? ఎండలు. చవక ఎస్ఎంపీఎస్ చల్లగా ఉన్నప్పుడు ఇవ్వగలిగినది వేడెక్కాక ఇవ్వలేదు. పైగా రెండేళ్లలో లోపలి కెపాసిటర్లు కొంత నీరసించి ఉంటాయి. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యేసరికి వోల్టేజీ తగ్గి యూపీఎస్ టిక్కుటిక్కుమని సర్దుకుంటూ ఉంటుంది. ఒక్కో టిక్కుకీ సెకనులో చిన్న భాగం సరఫరా ఆగుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ నిండు భారం మీద కూడా 16, 17 మిల్లీసెకన్లు ఊపిరి బిగపట్టగలదు. నాసిరకానికి ఆ ఓపిక ఉండదు.

లేబుల్ చూస్తున్నప్పుడే గ్రాఫిక్స్ కార్డుకి వెళ్తున్న కేబుల్ ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. కార్డు స్లాటు నుంచి 75 వాట్లు, పైనున్న 8 పిన్ల కనెక్టర్ నుంచి 150 వాట్ల దాకా వస్తాయి. చవక ఎస్ఎంపీఎస్‌లో ఈ 8 పిన్ల వైరు ఉండకపోవచ్చు. అప్పుడు అసెంబుల్ చేసినవాళ్లు హార్డ్‌డిస్క్ వైర్ల నుంచి కన్వర్టర్ పెడతారు. ఆ హార్డ్‌డిస్క్ వైర్లకుండే సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకే తయారైంది. దాని మీద 150 వాట్ల బరువు పెడితే ముందు ప్లాస్టిక్ పసుపెక్కుతుంది, తర్వాత కరుగుతుంది. అలాంటి కన్వర్టర్ కనిపిస్తే మిగతా పరీక్షలన్నీ మాని, కొత్త ఎస్ఎంపీఎస్ వచ్చేదాకా గేములు ఆపించండి. కాలిన వాసన, కనెక్టర్ దగ్గర గోధుమరంగు మచ్చ ఉన్నా అంతే.

కొనకముందే నిర్ధారించుకోవడానికి ఇంకో ఉచిత పరీక్ష ఉంది, ఇది మా సలహాల్లో అన్నిటికన్నా పనికొచ్చేది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, పవర్ లిమిట్ గీతను 100 నుంచి 70కి జరిపి టిక్ కొట్టండి. కార్డు ఏ కంపెనీదైనా ఇది పనిచేస్తుంది. ఇప్పుడు కార్డు 170 బదులు 119 వాట్ల దగ్గర ఆగుతుంది. గేమ్ కొంచెం నెమ్మదిస్తుంది కానీ ఆడుకోవచ్చు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌కి వెళ్లి మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెడితే భారం ఇంకా తగ్గుతుంది. ఇలా పెట్టాక రెండు మూడు రోజులు ఆగకుండా నడిచి, 100కి తేగానే మళ్లీ ఆగిపోతే, ర్యామ్, విండోస్, గేమ్ ఫైళ్లు అన్నీ నిర్దోషులు. మిగిలేది కరెంటు, వేడి.

ఇంకాస్త గట్టిగా తేల్చుకోవాలంటే సినీబెంచ్‌ని పది నిమిషాలు నడపండి, అది ప్రాసెసర్‌కే పని చెబుతుంది. తర్వాత ఫర్‌మార్క్ పది నిమిషాలు, అది కార్డుకే. విడివిడిగా రెండూ నెగ్గి, ఒకేసారి నడిపితే ఆగిపోతే ఎస్ఎంపీఎస్‌కి వ్యతిరేకంగా అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఈ జంట పరీక్షను లేబుల్ చూసి, కన్వర్టర్ లేదని తేల్చుకున్నాకే చేయండి. పక్కనే కూర్చొని చేయండి, ఆన్ చేసి భోజనానికి వెళ్లొద్దు. షాపుల్లో చిన్న టెస్టర్ పెట్టి ‘ఎస్ఎంపీఎస్ బాగానే ఉంది సార్’ అంటారు చూడండి, అది భారం లేకుండా చేసే పరీక్ష. ఖాళీ బండి ఎక్కిన ఫ్లైఓవర్ నిండు బండి కూడా ఎక్కుతుందని అది చెప్పలేదు.

ఇక వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ని సెన్సర్స్ ఓన్లీ అని టిక్ పెట్టి తెరవండి. కింద లాగింగ్ బటన్ నొక్కితే ఫైల్‌లోకి రాస్తూ పోతుంది. కంప్యూటర్ టక్కున ఆరిపోయినా ఆఖరి క్షణాల అంకెలు ఆ ఫైల్ చివర దొరుకుతాయి. మీ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు, కార్డు హద్దు 93. గేమ్ మధ్యలో ప్రాసెసర్ 80 లోపు, కార్డు 75 నుంచి 80 లోపు ఉంటే మన ఊరి మే నెలలో అది మంచి మార్కే. కార్డుకి హాట్ స్పాట్ అని ఇంకో అంకె ఉంటుంది, మామూలుగా ఉష్ణోగ్రత కన్నా 10 నుంచి 15 ఎక్కువ. తేడా 25 దాటితే చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే పేస్టు ఎండిపోయిందో, హీట్‌సింక్ సరిగ్గా అంటుకోలేదో అన్నమాట. వేడి వల్లనే ఆగుతుంటే ముందు ఒక హెచ్చరిక వస్తుంది: ప్రాసెసర్ 100 దగ్గర తన వేగం తానే తగ్గించుకుంటుంది, గేమ్ తడబడుతుంది. ఏ తడబాటూ లేకుండా ఒక్క దెబ్బకి ఆరిపోతుంటే వేడి వల్ల కావడానికి అవకాశం తక్కువ.

మీ ప్రాసెసర్‌తో డబ్బాలో వచ్చే కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నులతో బోర్డుకి పడుతుంది. వాటిలో ఒకటి సగం లేచి ఉండటం చాలా మామూలు తప్పు. బయటికి నాలుగూ బాగానే కనిపిస్తాయి. కూలర్‌ని రెండు వేళ్లతో మెల్లగా కదిపి చూడండి, ఒక మూల ఊగితే అదే. పిన్ను తలను బాణం గుర్తు వైపు కాకుండా వెనక్కి తిప్పి, ‘టక్’ అనేదాకా నేరుగా కిందికి నొక్కాలి, బోర్డు వెనక నుంచి పిన్ను కొనలు పూర్తిగా బయటికి వచ్చాయో లేదో చూడాలి. కూలర్ తీస్తే పేస్టు కొత్తగా వేయాల్సిందే. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు. దోశ పిండిలా పరచనక్కర్లేదు, ఒత్తిడికి అదే పరుచుకుంటుంది.

దుమ్ము సంగతి కూకట్‌పల్లి వాళ్లకి చెప్పక్కర్లేదు. పక్క ప్లాట్‌లో అపార్ట్‌మెంట్ లేస్తుంటే ఆర్నెల్లకే ఫిల్టర్ దుప్పటిలా అవుతుంది. క్యాబినెట్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లి చేతి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే హద్దు మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని గొట్టం దగ్గర స్టాటిక్ పుడుతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. బయటి నుంచి జాలీలోంచి ఊదితే చాలు.

క్యాబినెట్ టేబుల్ కింద చెక్క అరలో ఉంటే ఈ రోజే బయటికి తీయండి. గది 36 డిగ్రీలుంటే అర లోపల 45 అవుతుంది, ఫ్యాన్లు ఆ వేడి గాలినే తిప్పి తిప్పి పీలుస్తాయి. వెనక, పక్కన కనీసం అరడుగు ఖాళీ ఉండాలి. తేల్చుకోవడానికి పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడించండి. అంకెలు పది డిగ్రీలు పడితే గాలి ఆడటమే సమస్య. ముందు వైపు కూడా గాజు పలక ఉన్న క్యాబినెట్లు రంగుల లైట్లు చూపించడానికి బాగుంటాయి, గాలికి కాదు. వేసవి కూలర్ గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పాలనిపిస్తుంది, వద్దు. అది తడి గాలి.

ర్యామ్ గురించి క్లుప్తంగా. ఐ5-12400ఎఫ్‌కి డీడీఆర్4 3200 అధికారిక వేగమే, హెచ్610 బోర్డు అంతకు మించి ఎక్కించదు, కాబట్టి మీ దగ్గర ర్యామ్ వేగం తగవు పెట్టే అవకాశం తక్కువ. ఇంకేమీ తేలకపోతే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా లోపమే, ‘ఒకటేగా’ అనుకోవడానికి లేదు. వస్తే ఒక్కో ర్యామ్‌నే విడిగా పెట్టి మళ్లీ చూడండి. కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో పాత అలవాటు. ఆ రబ్బరు పొడి స్లాటులో పడి కొత్త తలనొప్పి తెస్తుంది, ఆల్కహాల్ తడిపిన గుడ్డ మేలు.

డ్రైవర్‌ని ఒకసారి శుభ్రంగా మార్చడంలో నష్టం లేదు. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాతది తీసి, ముందే దించిపెట్టుకున్న కొత్తది వేయండి. సీ డ్రైవ్‌లో 15, 20 శాతం ఖాళీ ఉంచండి. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) ఆపేసి ఉంటే తిరిగి విండోస్ ఇష్టానికి వదిలేయండి. గేమ్ ఒక్కటే మూసుకుపోయే వాళ్లకి ఇవి ముఖ్యం. మీకు రెండో వరుస. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లతో 2024లో గేములు ఆగిపోయిన సంగతి విని మీకు ఎవరైనా బయోస్ (మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయమంటే, అది మీ 12వ తరానికి వర్తించదు. ఆ తరాల పెద్ద ప్రాసెసర్లున్న పాఠకులు మాత్రం బయోస్ తప్పకుండా అప్‌డేట్ చేసుకోవాలి. ఇంటెల్ వాటి వారంటీని రెండేళ్లు పెంచింది కూడా.

క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందా? మీరు రాయలేదు కానీ ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి అది కూడా ఉంటుంది. ఎర్తింగ్ లేదని దానర్థం. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి: ఫేజ్-న్యూట్రల్ 230 దగ్గర, ఫేజ్-ఎర్త్ కూడా అంతే, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు. ఎర్త్ పిన్నుకి న్యూట్రల్‌నే చుట్టి సరిచేశానంటే ఒప్పుకోకండి, న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ ఇనుమంతా కరెంటవుతుంది.

కొనాల్సి వస్తే, 550 లేదా 650 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు), 12 వోల్టుల మీద 43 ఆంపియర్లకు తగ్గకుండా, 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేది, ఐదేళ్ల వారంటీ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్తే ఒకే కప్పు కింద పది షాపుల లేబుళ్లు చదవొచ్చు. కంపెనీ పేరు చెప్పకముందు లేబుల్ చూపించమనండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. విడదీసే కేబుళ్ల ఎస్ఎంపీఎస్ తీసుకుంటే పాత కేబుళ్లు ఒక్కటి కూడా దానికి కలపొద్దు. ఒక చివర అన్నీ ఒకేలా ఉంటాయి, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం. తప్పు కేబుల్ పెడితే ఎస్‌ఎస్‌డీ, బోర్డు ఒక్క క్షణంలో పోతాయి.

యూపీఎస్ కూడా మార్చాలి, ఎందుకంటే మంచి ఎస్ఎంపీఎస్ పెట్టినంత మాత్రాన 360 వాట్ల గీత పైకి జరగదు. 1000 లేదా 1100 వీఏ చూడండి, వెనక 600 వాట్లు లేదా ఎక్కువ అని రాసి ఉండాలి. ఒక మెలిక ఉంది. ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లన్నింటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సమంగా తీసుకునే ఏర్పాటు) ఉంటుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల తరంగం కొన్నిటికి నచ్చదు, కరెంటు పోగానే ఆరిపోతాయి. వీలైతే ప్యూర్ సైన్ వేవ్ అని ఉన్నది తీసుకోండి, అది గోడ కరెంటులాగే నునుపైన తరంగం ఇస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కంప్యూటర్ దాని మీద నడుస్తుంటే, వెనక స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌లో ఉందో లేదో చూడండి.

ఇవన్నీ దాటాక కూడా ఆగిపోతుంటేనే కార్డు. మీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేవని. కార్డు తీసేసి బోర్డు నుంచే మానిటర్ కలిపి చూద్దామంటే తెర రాదు, దాన్ని చూసి బోర్డు కూడా పోయిందనుకోవద్దు. సరైన పరీక్ష వేరే: 550 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో మీ కార్డు పెట్టి గంటసేపు అదే గేమ్ ఆడించండి. అక్కడా ఆగితే షాపతను చెప్పింది నిజం. అప్పుడు కూడా డబ్బులు కట్టి కొత్తది కొనేముందు బిల్లు వెతకండి. చాలా కార్డులకి మూడేళ్ల వారంటీ ఉంటుంది, మీది రెండేళ్లదే. పెట్టె మీది సీరియల్ నంబరుతో కార్డు కంపెనీ వెబ్‌సైట్‌లో గడువు చూసుకోవచ్చు. హీట్ గన్‌తో వేడిచేసి బాగుచేస్తామనేవాళ్లకి మాత్రం ఇవ్వకండి, స్క్రూ మీద స్టిక్కర్ చిరిగితే వారంటీ కోసం వాదించాల్సి వస్తుంది, ఆ వేడి వైద్యం నిలిచినా కొన్ని వారాలే.

కొత్త భాగాలు వచ్చేదాకా పవర్ లిమిట్ 70, ఫ్రేమ్ రేట్ 60, యూపీఎస్ లేకుండా గోడ సాకెట్. కన్వర్టర్ లేదని తేలితే ఈ మూడింటితో అబ్బాయి ఆట ఆగదు. పాత యూపీఎస్ పారేయకండి. వైఫై రౌటర్‌కీ ఫైబర్ బాక్సుకీ కలిపి పెడితే కరెంటు పోయినా గంటల తరబడి ఇంటర్నెట్ ఉంటుంది.